ఏం తప్పు చేశావో నువ్వే చెప్పు

ముందు మోకాళ్ల మీంచి లేవండి. గదిలోకి తేగానే భయంతో ఆయన ముందు కూలబడ్డారు మీరు. ఆయనకది కొత్తేం కాదు. లేచి కూర్చోమంటున్నాడు. కూర్చోండి.

గోడలకి నీలం, నిమ్మపండు రంగు చారల పట్టుగుడ్డ. ఒక చివర దాదాపు కప్పుని తాకే సిలువ. దాని దగ్గర మడత పీట మీద గుమాస్తా, చేతిలో కలం. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద వెండి గంట. అది మోగిందంటే కాపలావాడొచ్చి మిమ్మల్ని తీసుకుపోతాడు.

1674 జనవరి, గోవా. ఒకప్పుడు ఆదిల్‌షాల భవనమైన ఈ కట్టడాన్ని ఊళ్లోవాళ్లు ఓర్లెం ఘర్ అంటారు. పెద్దిల్లన్నమాట. మీ పేరు షార్ల్ డెలోన్. ఫ్రెంచి వైద్యుడు, పాతికేళ్ల వయసు. డామన్‌లో వైద్యం చేసుకుంటుంటే కిందటి ఆగస్టులో పట్టుకున్నారు. బల్లకి అవతల కూర్చున్నది ఫ్రాన్సిస్కో డెల్గాడో ఇ మాటోస్. ఇన్‌క్విజిటర్. మతంలో దారి తప్పారన్న వాళ్లని విచారించడానికి 1560లో ఇక్కడ మొదలైన కోర్టుకి పెద్ద.

ఆయన అడిగేది ఒక్కటే. నిన్నెందుకు తెచ్చామో తెలుసా?

ఫిర్యాదు చేసిందెవరు? చెప్పరు. ఏమని చేశారు? అదీ చెప్పరు. సాక్షుల మొహం చూపించరు. ఏం తప్పు చేశారో మీరే గుర్తు తెచ్చుకుని మీరే చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు.

గుర్తు తెచ్చుకోండి. బాప్తిస్మం గురించి ఎవరితోనో వాదించారు. పటాలకి మొక్కనక్కర్లేదన్నారు. దంతంతో చేసిన సిలువని చూసి, ఏనుగు దంతం ముక్కేగా అన్నారు. ఇవి చెప్పేస్తారు, సరే. ఇంకోటుంది. ఇన్‌క్విజిటర్లూ మనుషులే, వాళ్లూ పొరపాటు పడొచ్చని ఎప్పుడో నోరు జారారు. అది కూడా చెబుతారా, ఆయన ఎదురుగా కూర్చుని?

తొందరపడకండి, లెక్క వేసుకోండి. అన్నీ ఒప్పుకుంటే ఆస్తి పోతుంది, ప్రాణం దక్కొచ్చు. ఏమీ ఒప్పుకోకపోతే మొండివాడని కాలుస్తారు. అయిదు ఒప్పుకుని, వాళ్ల కాగితంలో ఉన్న ఆరోది వదిలేస్తే, దాచాడని కాలుస్తారు. ఆ కాగితం మీకు కనబడదు. నిజంగానే ఏ తప్పూ చేయనివాడికి ఈ గదిలో దారే లేదు. వాడి దగ్గర చెప్పడానికేం ఉంటుంది?

మీరు చెప్పాల్సింది గబగబా చెప్పబోతారు. తొందరేం లేదట, ఆయనకి ఇంతకన్నా ముఖ్యమైన పనులున్నాయట.

గంట మోగింది.

పదడుగుల గది. తెల్లటి గోడలు, అయిదడుగుల మందం. ఎంత పొడుగువాడికీ అందనంత ఎత్తులో కటకటాల కిటికీ. ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. ఒక చాప, ఒక చీపురు, మంచినీళ్లకి మట్టికుండ. పుస్తకం ఇవ్వరు. ఏడవకూడదు. పైకి ప్రార్థన కూడా చేయకూడదు. వసారాలో కాపలావాళ్లు తిరుగుతుంటారు, గొంతు వినబడితే లోపలికొచ్చి కొడతారు. పొద్దున్నే నల్లవాళ్లకి గంజి, తర్వాత అన్నం, చేప. మీరు తెల్లవాళ్లు కాబట్టి రొట్టె. చెరలో కూడా పంక్తిభేదం పాటించారు చూడండి.

నవంబరు, డిసెంబరు నెలల్లో పొద్దుటిపూట కేకలు వినిపిస్తాయి. హింసించే గదిలోంచి. రోజూ.

అలా రెండేళ్లు. మధ్యమధ్య పిలుస్తారు, అదే ప్రశ్న అడుగుతారు. మొదట్లో చెప్పని ఆ మాట కూడా చివరికి చెప్పేస్తారు మీరు. చాలదట. చెడ్డ ఉద్దేశంతోనే అన్నానని ఒప్పుకోవాలట. ఉద్దేశానికి సాక్షిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

1676 జనవరి 11, రాత్రి. మాసిన బట్టలు ఇస్తే కాపలావాడు తీసుకోలేదు, రేపిమ్మన్నాడు. గుడి గంటలు వేళ కాని వేళ మోగుతున్నాయి. రేపు ఏదో ఉంది. నిద్రపట్టింది.

తలుపులు తెరుచుకున్నాయి. దీపం. నల్లటి చొక్కా, పంట్లాం, వాటి మీద తెల్ల చారలు. తొడుక్కో.

తొడుక్కోండి. చేతులు వణుకుతాయి.

వసారాలో గోడ వెంట వరసగా మనుషులు. రెండు వందల మంది దాకా. తెల్లవాళ్లు పదీ పన్నెండు మంది. ఎవరూ మాట్లాడరు, కదలరు. కళ్లు మాత్రం కదులుతున్నాయి. చాలామంది ఈ నేలవాళ్లే. మతం మారాక కూడా పాత ఆచారం ఏదో వదల్లేదనీ, మంత్రాలు వేశారనీ తెచ్చినవాళ్లు. (మరో అరవై ఏళ్లకి, 1736లో, ఇదే కోర్టు ఉప్పు లేకుండా అన్నం వండటాన్నీ, పెరట్లో తులసి మొక్కనీ కూడా నిషేధించింది.)

పసుపుపచ్చ అంగీ ఒకటి మీ మీద వేస్తారు. ముందూ వెనకా ఐమూలగా ఎర్ర సిలువ. ఇది బతకనిచ్చే బట్టా, చంపే బట్టా? మీకు తెలియదు. అటు చూడండి. బూడిదరంగు అంగీలు. వాటి మీద మంటలు, దయ్యాలు, మధ్యలో తొడుక్కున్న మనిషి బొమ్మే. కొన్నిటి మీద మంటలు తలకిందులుగా ఉన్నాయి. ఆఖరి నిమిషంలో ఒప్పుకుని బతికినవాళ్లవి. మొనదేలిన కాగితం టోపీలు తెస్తున్నారు. అయిదు. అవి పట్టుకున్నవాడు మీ దగ్గరికొస్తున్నాడు.

దాటి వెళ్లిపోయాడు.

రొట్టె, అంజూర పళ్లు పంచుతున్నారు. మీకు గొంతు దిగదు. వద్దంటే కాపలావాడొకడు, జేబులో పెట్టుకో, తిరిగొచ్చేలోగా ఆకలేస్తుంది అన్నాడు.

తిరిగొచ్చేలోగా!

రెండేళ్లలో ఈ ఇంట్లో మీకు దొరికిన సమాచారం ఇదొక్కటే. అదీ ఒక జవాను నోటి నుంచి. రొట్టె తీసుకోండి.

తెల్లవారుతుంటే కెథడ్రల్ పెద్ద గంట మోగింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. చేతిలో కొవ్వొత్తి, పక్కన మిమ్మల్ని ఎవరికి అప్పగించారో ఆ పెద్దమనిషి, కాళ్లకి చెప్పుల్లేవు. రాళ్ల బాట. గంటకి పైగా నడక. అరికాళ్లు చీరుకుపోయి నెత్తురు. ఊరేగింపు మధ్యలో ఒక పెద్ద సిలువ పోతోంది. క్రీస్తు మొహం మీ వైపు ఉంది. ఆ సిలువ వెనక నడిచేవాళ్లకి ఆయన వీపు. వాళ్లకి క్షమ లేదని దానర్థం. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఇద్దరూ ఇక్కడి క్రైస్తవులే, మంత్రగాళ్లన్నది ఆరోపణ. వాళ్ల వెంట కర్రలకి కట్టిన బొమ్మలు, పెట్టెల్లో ఎముకలు. చచ్చిపోయినవాళ్ల మీద కూడా కేసు నడుస్తుంది, శిక్ష పడుతుంది.

సెయింట్ ఫ్రాన్సిస్ గుళ్లో ప్రసంగం. నోవహు ఓడలోకి ఎలాంటి జంతువు వెళ్తే అలాంటిదే బయటికొచ్చిందట. ఇన్‌క్విజిషన్ అంతకన్నా గొప్పదట, సింహాలుగా వెళ్లినవాళ్లు గొర్రెపిల్లలై వస్తారట. వినండి. వినడం కూడా శిక్షే.

మీ పేరు పిలిచారు. మతం నుంచి వెలి. ఆస్తి జప్తు. ఇండియా నుంచి బహిష్కారం. పోర్చుగల్‌లో అయిదేళ్ల కఠిన చాకిరీ.

బతికారు.

ఆ ఇద్దరినీ ఆఖర్న పిలిచారు. జైలు అధికారి వాళ్ల గుండెల మీద చేత్తో తట్టాడు. ఇక వీళ్లు చర్చి మనుషులు కారని గుర్తు. దయ చూపమని కోరుతూనే రాజ్యానికి అప్పగించారు. చర్చి చేతికి నెత్తురు అంటదు. ఏటి ఒడ్డున కట్టెలు నిన్ననే పేర్చారు, వైస్రాయి ఎదురుచూస్తున్నాడు. ఏ మతంలో చస్తావని అక్కడ అడుగుతారు. క్రైస్తవంలో అంటే ముందు గొంతు బిగించి, తర్వాత కాలుస్తారు.

మిమ్మల్ని అటు తీసుకెళ్లరు. పెద్దింటికే వెనక్కి.

కొన్నాళ్లకి మళ్లీ పిలిచారు. ఇక్కడ చూసింది, విన్నది ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయాలి. చేయండి. రేవులో ఓడ ఉంది, చేయనంటే ఎక్కనివ్వరు. లిస్బన్‌లో చాకిరీ 1677లోనే ముగుస్తుంది. ఆ తర్వాత పదేళ్లకి, 1687లో, ఆ బల్ల పొడవూ పట్టుగుడ్డ రంగూ ఇన్‌క్విజిటర్ పేరూ అన్నీ రాసి లైడెన్‌లో అచ్చు వేయిస్తారు మీరు.