రాకుమారుడు పడ్డప్పుడల్లా

చెప్పులు బయటే విడవాలి. దుమ్ము చేరితే మిషన్ పాడవుతుందని సారు మొదటిరోజే చెప్పేవారు. 2000 సంవత్సరానికి అటూ ఇటూగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో డాస్, ఫాక్స్‌ప్రో నేర్చుకోవడానికి ఇన్‌స్టిట్యూట్‌కు పోయినవాళ్లకు ఆ చల్లటి గది, మానిటర్ల మీద కప్పిన ప్లాస్టిక్ కవర్లు, కీబోర్డుల టకటక ఇప్పటికీ గుర్తే. సారు పక్కగదిలోకి పోగానే నల్లటి తెర మీద ఆరక్షరాలు పడేవి. పి, ఆర్, ఐ, ఎన్, సి, ఇ. ఎంటర్ కొడితే తెల్లబట్టల కుర్రాడొకడు చెరసాలలో వచ్చి పడేవాడు. అతని వెనక ఇనుప తలుపు దిగిపోయేది.

అదే ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. మన పిల్లల నోట ఒట్టి ‘ప్రిన్స్’. అరవై నిమిషాల్లో మంత్రి జాఫర్ చెర నుంచి రాకుమారిని విడిపించాలి. కాలు పెడితే నేల పలక ఊగుతుంది, రెండో అడుగుకు రాలిపోతుంది. గోతిలో మేకులు చప్పున లేస్తాయి. ద్వారంలో పైనొక కోరల బద్ద, కిందొకటి, టక్కుమని మూసుకుంటూ ఉంటాయి. అడుగు తప్పితే మనిషి పడతాడు, చస్తాడు. లెవెల్ మళ్లీ మొదటినుంచి. పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు.

ఇందులో ఇంకో చిక్కుండేది. మొదటి లెవెల్ దాటగానే వరసగా సీసాలు కనబడతాయి, ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం. ఆటతోపాటు ఇచ్చే పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుసలో ఫలానా మాట మొదటి అక్షరమేదో చూసి, ఆ సీసా తాగాలి. కొనకుండా కాపీ చేసుకున్నవాళ్లను పట్టుకునే ఉపాయమది. ఫ్లాపీ చేతులు మారుతుంది గానీ పుస్తకం మారదు కదా! దానికి విరుగుడు చేసిన కాపీలూ తిరిగాయి. ఆట పేరు పక్కన ‘మెగాహిట్’ అని కొడితే దొడ్డిదారి తెరుచుకుంటుందని తెలిసినవాడు ఆ బ్యాచ్‌కంతా హీరో.

ఆట పుట్టింది అమెరికాలో, 1989లో. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే ‘కరాటేకా’ అనే ఆట రాసి పేరు తెచ్చుకున్న జోర్డన్ మెక్నర్, చదువు ముగించి బ్రోడర్‌బండ్ కంపెనీ కోసం రెండో ఆటకు కూర్చున్నాడు. నాలుగేళ్లు పట్టింది. బొమ్మలు గీయడంలో తనకంత నేర్పు లేదని అతనికి తెలుసు. అందుకే తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేయించి, కార్లు నిలిపే ఖాళీ జాగాలో ఉరికించాడు, దూకించాడు, గోడ పట్టుకుని వేలాడించాడు. ఆ వీడియోను టీవీలో ఒక్కో క్షణం ఆపుతూ, చీకటి గదిలో కెమెరాతో తెరనే ఫోటోలు తీశాడు. వాటిని కడిగించి, మనిషి ఆకారం వరకు నల్లటి స్కెచ్‌పెన్నుతో దిద్ది, మిగతాదంతా తెల్లరంగుతో చెరిపేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి 1938 నాటి ‘రాబిన్‌హుడ్’ సినిమాలో ఎర్రల్ ఫ్లిన్ పోరాటాన్ని అలాగే దిద్దుకున్నాడు. సంగీతం వాళ్ల నాన్న ఫ్రాన్సిస్ కట్టారు. తమ్ముడు వేషం, తండ్రి పాట, అన్న సూత్రధారి. తోలుబొమ్మలాటలు ఆడించే కుటుంబాలు గుర్తుకు రాకమానవు.

డేవిడ్ పరుగు అచ్చం మనిషి పరుగులా ఉంది. చిక్కంతా అక్కడే మొదలైంది. ఆ కదలికలే యాపిల్ 2 కంప్యూటర్ మెమరీనంతా మింగేశాయి. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫోటోకు కూడా చాలని మెమరీ అది. పోరాడటానికి శత్రువు ఉండాలని స్నేహితులు పోరుతున్నారు, శత్రువు బొమ్మ పెట్టడానికి చోటు లేదు. చివరికి మెక్నర్ రాకుమారుడి బొమ్మనే తీసుకుని, చిన్న లెక్కతో దాని రూపు తారుమారు చేశాడు. మినుకుమినుకుమనే నీడమనిషి తయారయ్యాడు. అద్దంలోంచి దూకి బయటికొచ్చి, నువ్వు తాగాల్సిన సీసా తాను తాగి, నీ మీదనే కత్తి దూసే నీడ. దాన్ని పొడిస్తే నీ ప్రాణమే పోతుంది. కత్తి ఒరలో పెట్టుకుని దానికి ఎదురు నడిస్తే ఇద్దరూ ఒకటైపోతారు. చోటు లేకపోవడమే ఆ ఆటకు ప్రాణం పోసింది. ఆ తర్వాత ఎక్కడెక్కడో నాలుగు బైట్లు మిగిల్చి మామూలు కాపలాభటుల్ని కూడా ఇరికించారు.

అంతా అయ్యేసరికి యాపిల్ 2 కాలం చెల్లిపోయింది. ఆట మొదట్లో పెద్దగా పోలేదు. 1990లో డాస్ యంత్రాలకు, ఆ తర్వాత జపాన్ కంప్యూటర్లకు, మెకింటాష్‌కు వచ్చాక గానీ దశ తిరగలేదు. మన ఊళ్లకు చేరింది ఆ డాస్ రూపమే. 1993లో రెండో భాగం వచ్చింది. 1999లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా త్రీడీ’ వచ్చింది. కాలం మారింది కదా, మనమూ మారదామన్నట్టు అదే చెరసాలను, అవే ఉచ్చులను మూడు కొలతల్లోకి సాగదీశారు. తప్పులతడకగా విడుదలైంది, పెద్దగా ఆదరణ దక్కలేదు. ఈలోగా బ్రోడర్‌బండ్‌ను లర్నింగ్ కంపెనీ, దాన్ని బొమ్మలు చేసే మాటెల్ మింగేశాయి. రాకుమారుడి కథ అక్కడితో ముగిసిందనే అనుకున్నారు.

2001లో ఫ్రెంచి కంపెనీ ఉబిసాఫ్ట్‌కు చెందిన మాంట్రియల్ స్టూడియోలో దీన్ని మళ్లీ తవ్వి తీశారు. క్రియేటివ్ డైరెక్టర్ పాట్రిస్ దెజిలె, ప్రొడ్యూసర్ యానిస్ మలా. సలహాకని పిలిచిన మెక్నర్ చివరికి కథ రాయడానికి అక్కడే ఉండిపోయాడు. 2003 నవంబరులో ‘ది శాండ్స్ ఆఫ్ టైమ్’ వచ్చింది.

పాత ఆటలో పడితే చావే. త్రీడీలో దూరం అంచనా దొరకదు, కాబట్టి పడటం ఇంకా ఎక్కువ. ప్రతిసారీ మొదటికి పంపిస్తే ఆడేవాడు విసుగెత్తి కట్టేస్తాడు. అందుకని రాకుమారుడి చేతికి ఒక బాకు ఇచ్చారు, దాని పిడి నిండా ఇసుక. పడుతుండగానే మీట నొక్కితే కాలం కొన్ని క్షణాలు వెనక్కి జారుతుంది. విరిగిన పలక లేచి అతుక్కుంటుంది, అరిచిన అరుపు గొంతులోకి పోతుంది, రాకుమారుడు గాలిలో వెనక్కి ఎగిరి గట్టు మీద నిలబడతాడు. అయితే ఇసుకకు లెక్కుంది, ఊరికే ఖర్చు పెట్టకూడదు. చెప్పినంత తేలిక కాదు ఇది. కాలాన్ని వెనక్కి తిప్పాలంటే ఇప్పుడే జరిగినదాన్నంతా యంత్రం గుర్తుంచుకోవాలి. ప్లేస్టేషన్ 2లో ఉన్న మెమరీ 32 మెగాబైట్లే. పద్నాలుగేళ్ల కిందట మెక్నర్ పడ్డ తిప్పలే మళ్లీ.

మనవాళ్లకు ఆసక్తి కలిగించేది ఈ కథ మొదలయ్యే తీరు. తొలి ఘట్టం భారతదేశంలోనే, ఒక మహారాజు కోటలో. మంత్రి ద్రోహంతో తలుపులు తెరుచుకోగా పారశీక సైన్యం కోటను దోచుకుంటుంది. బాకు అక్కడి ఖజానాలోదే. నాయిక ఫరా ఆ మహారాజు కూతురు. కథంతా రాకుమారుడే ఒకరికి చెబుతుంటాడు, ఎవరికన్నది చివర్లో గానీ తెలియదు. ఆడేవాడు నిజంగానే చచ్చిపోతే తెర మీద ‘గేమ్ ఓవర్’కు ముందు రాకుమారుడి గొంతు వినిపిస్తుంది. కాదు కాదు, అలా జరగలేదు, ఉండు మళ్లీ చెబుతా అన్న ధోరణిలో.

మణిసిద్ధుడు గోపడికి మజిలీకో కథ చెప్పే కాశీమజిలీలు చదివిన జాతికి, కథలో కథ నడపడం కొత్తేమీ కాదు. చిత్తూరు సీమలో భారతం చూసి పెరిగినవాళ్లకైతే మరీను. ధర్మరాజు, ద్రౌపదమ్మల గుళ్ల దగ్గర పగలంతా హరికథ, రాత్రంతా వీధినాటకం. కడపటి రోజు నేల మీద మట్టితో పొడుగ్గా పోసిన దుర్యోధనుడి బొమ్మ, దాని చుట్టూ గద పట్టుకుని తిరిగే భీమవేషం. తొడ మీద దెబ్బ పడుతుందని చంకలో పిల్లకు కూడా తెలుసు. తెలిసీ ఎండలో నిలబడతారు. భాగవతార్ పిట్టకథలోకి జారి, చాలాసేపటికి వెనక్కొచ్చి, వదిలిన పద్యం దగ్గరే అందుకుంటాడు. మాంట్రియల్ బృందానికి ఇవేవీ తెలిసి ఉండవు. కథకుడు తప్పు దిద్దుకుంటూ వెనక్కి రావడాన్నే ఆట నియమంగా మార్చారు చూడండి, అది మాత్రం మన చెవికి ఇట్టే అందుతుంది.

విమర్శకులు ఆకాశానికెత్తారు. అమ్మకాలు మాత్రం మొదట్లో ఆ స్థాయిలో లేవు. దాంతో కంపెనీ మరుసటేడే, 2004లో, ‘వారియర్ వితిన్’ పేరుతో రాకుమారుడికి గడ్డం పెంచి, కోపం పెట్టి, నెత్తురు చిందించి, వెనక గిటార్ల హోరు వినిపించింది. బాగానే అమ్ముడుపోయింది. ఆ రక్తపాతం తనకు రుచించలేదని మెక్నర్ బాహాటంగానే అన్నాడు. వెనక్కి తిరిగే కాలం అదే. మారింది వేషం. మరో ఏడాదికి మూడో భాగంలో కోపాన్ని సగం దించి, మాట తీరును మళ్లీ పాత రాకుమారుడి దగ్గరికి లాక్కొచ్చారు.

అసలు మలుపు ఇంకోచోట జరుగుతోంది. దెజిలెకు తర్వాతి ఆట అప్పగించారు. ముసలి రాజు చచ్చేదాకా ఏమీ చేయలేని రాకుమారుడి కంటే, అతన్ని కాపాడే హంతకుడే బాగుంటాడని అతనికి తోచింది. అలమూత్ కోట హంతకుల మీద వ్లాదిమిర్ బార్టోల్ రాసిన నవల ఆ ఊహకు దన్నిచ్చింది. పని ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: అసాసిన్’ పేరుతోనే మొదలైంది. రాకుమారుడు నాయకుడు కాని ఆటకు ఆయన పేరెందుకని పైవాళ్లు అడ్డం తిరిగారు. పేరు తీసేశారు, ఆట ఉండిపోయింది. 2007 నవంబరులో అది ‘అసాసిన్స్ క్రీడ్’గా బయటికొచ్చి, కన్నతల్లి కంటే పది రెట్లు ఎదిగింది. ఆ వరుసలో 2014లో ఫ్రెంచి విప్లవం నేపథ్యంగా తెచ్చిన ‘యూనిటీ’ ముఖాలు లేని మనుషులతో, నేలలోకి కూరుకుపోయే పాత్రలతో నవ్వులపాలయ్యాక, 2016లో పెద్ద ఆట ఏదీ తేకుండా ఆగి, 2017లో పాత ఈజిప్టుకు పోయి పోరాట పద్ధతినే మార్చేసుకుంది కూడా.

ఇక 2008 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. చాలామంది తిట్టిన ఆట. తిట్టినవాళ్లు తొందరపడ్డారేమో. ఇందులో రాకుమారుడు చావడు. పడిన ప్రతిసారీ ఎలికా అనే మంత్రవిద్య తెలిసిన అమ్మాయి చేయి పట్టి గట్టు మీదికి లాగుతుంది. చావు లేకపోతే ఆటేమిటని గోల చేశారు. లెక్కకు చూస్తే మామూలు ఆటలు చంపి, ఆరిన తెర చూపించి, మళ్లీ అదే గట్టు మీద నిలబెడతాయి. ఇక్కడ తెర ఆరదు, ఒక చేయి అందుతుంది, అంతే తేడా. చివర ఆ చేయి ఇచ్చినామే చనిపోతే ఏం చేస్తావన్న చోటికి కథ చేరుతుంది. చేయి అందించడం దయ మాత్రమే కాదని అక్కడే తెలుస్తుంది. 2010లో ఇంకో ఆట, డిస్నీ సినిమా ఒకటి వచ్చాయి. తర్వాత చాలాకాలం చడీచప్పుడూ లేదు.

2020 సెప్టెంబరులో ‘శాండ్స్ ఆఫ్ టైమ్’ను కొత్తగా చేస్తున్నామని ఉబిసాఫ్ట్ ప్రకటించింది. చేస్తున్నది పుణె, ముంబై స్టూడియోలు. మన వైపు చూస్తే, మదనపల్లె దగ్గరి అంగళ్లులో 1998 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి నుంచి మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న బెంగళూరులో 1997లోనే మొదలైన ‘ధ్రువ’ కంపెనీ తర్వాత విదేశీ ఆటలకు బొమ్మలు చేసిపెట్టే పనిలోకి దిగింది. ఇన్నేళ్లూ మనవాళ్లది ఎక్కువగా ఆ కూలి పనే, కారు చక్రమో కోట గోడో చెక్కి పంపడం. అలాంటిది మహారాజు కోటతో మొదలయ్యే కథను మొత్తంగా మనదేశంలోనే చేయడమంటే చిన్న విషయం కాదు. ట్రైలర్ వచ్చిన రోజే ముఖాలు మైనంలా ఉన్నాయని ఎగతాళి చేశారు. 2021 జనవరి అన్నది మార్చికి పోయింది, మార్చి అన్నది ఎప్పుడో తెలియని రోజుకు పోయింది. 2022 మేలో పనిని మాంట్రియల్‌కు తీసుకుపోయారు. 2026 జనవరిలో మొత్తంగా రద్దు చేశారు. కాలాన్ని వెనక్కి తిప్పే కథను ఇరవై ఏళ్ల తర్వాత వెనక్కి తిప్పడం ఎవరి చేతా కాలేదు.

ఇంతలో 2024 జనవరిలో, ఫ్రాన్స్‌లోని మాంపెలియె స్టూడియో ‘ది లాస్ట్ క్రౌన్’ తెచ్చింది. త్రీడీ హంగులు పక్కనపెట్టి, పక్కవాటంగా పరుగెత్తే పాత డాస్ చూపుకే పోయింది. మాటలు పారశీకంలోనూ వినొచ్చు. దారి తెలియని చోట ఆటగాడు అక్కడి తెరను ఫోటో తీసి పటం మీద గుచ్చుకోవచ్చు, శక్తి వచ్చాక తిరిగి రావడానికి. ఎంతో మెచ్చుకున్నారు. అమ్మకాలు ఆశించినంత లేవని ఆ ఏడాదిలోనే బృందాన్ని చెదరగొట్టారు.

2012లో ఒకరోజు ఫ్రాన్సిస్ మెక్నర్ ఇంట్లో సామాన్ల మధ్య ఒక పెట్టె బయటపడింది. లోపల మూడున్నర అంగుళాల ఫ్లాపీలు, యాపిల్ 2 మీద కొడుకు రాసిన ‘ప్రిన్స్’ అసలు కోడ్. పోయిందనుకుని ఏళ్లుగా వెతుకుతున్నదే అది. ఫ్లాపీల్లో అక్షరాలు ఇంకా బతికే ఉన్నాయి. ఆ ఏప్రిల్‌లో జోర్డన్ దాన్ని ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అంగళ్లు హాస్టల్ గదిలోని పిల్లాడైనా ఇవాళ దాన్ని తెరిచి, డేవిడ్ పరుగు ఏ వరుసలో ఉందో, నీడమనిషి ఏ వరుసలో ఉన్నాడో వెతుక్కోవచ్చు.