బాపు రేఖాచిత్రముల మూలప్రతులు

విజయవాడ బందరు రోడ్డుపై విక్టోరియా జూబిలీ మ్యూజియమను పేరఁ బ్రసిద్ధికెక్కిన భవనము గలదు. 1887 జూను 27వ తేదీని దానికి శంకుస్థాపనము చేసినవాఁడు కృష్ణామండల కలెక్టరు రాబర్టు స్యూయెల్. అల్లూరు బుద్ధవిగ్రహము మొదలుగాఁగల శిలామూర్తుల కది నిలయము. 2020 సంవత్సరమున నవీకృతమై మరలఁ దెఱవఁబడిన యా శాల నేఁడు బాపు మ్యూజియమని వ్యవహరింపఁబడుచున్నది. శిలలకు నెలవైన శాలకుఁ గాగితముపై గీఁత గీచినవాని పేరుంచుట యుచితమైన నివాళియే. అయినను, పేరు నిలుపుట వేఱు. ఆ పేరుగలవాని చేతిపనిని నిలుపుట వేఱు.

బాపు యనఁబడు సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న జన్మించి, 2014 ఆగస్టు 31న చెన్నైలో గతించెను. ఆంధ్రపత్రికకు వ్యంగ్యచిత్రములు, ముళ్ళపూడి వెంకటరమణ వ్రాసిన బుడుగునకు బొమ్మలు, విజయవాడ ప్రచురణకర్తల గ్రంథములకు ముఖపత్రములు గీచెను. చలనచిత్రమును దీయుటకుఁ బూర్వమే దృశ్యములను వరుసగా బొమ్మలలో గీచికొనుట యతని పద్ధతి. 2013లోఁ బద్మశ్రీ లభించెను.

ఈ బొమ్మలు గోడకు వ్రేలాడఁదీయుటకుఁ బుట్టినవి కావు, అచ్చునకై పుట్టినవి. చిత్రకారుఁడు పెన్సిలుతో నాకృతిని గుర్తించి, దానిపై నల్లసిరాతో గీచి, తప్పినచోటఁ దెల్లరంగు పూయును. వెనుకటి ముద్రణపద్ధతిలో నా కాగితమునకు ఫొటో తీసి, ప్రతిబింబమును జింకు రేకుపైకి దింపి, ఆమ్లముచేఁ దినిపించి బ్లాకు చేసెడివారు. మూలము పెద్దదైనను బ్లాకు పుటకుఁ దగినంతగాఁ జిన్నదగును. బ్లాకు సిద్ధమైనంతనే కాగితముతోఁ బని తీఱెనని తలంచుట సామాన్యము. కావుననే వేలమంది చూచిన బొమ్మకు మూలమైన కాగిత మెవరికిని గానరాకపోవచ్చును.

ముద్రితప్రతు లుండఁగా మూలముతో నేమి పనియని పూర్వపక్షము. దీనికి వ్యాకరణశాస్త్రమే సమాధానము చూపుచున్నది. ఆదేశము స్థానివంటిదని పాణినీయమతము; కాని వర్ణము నాశ్రయించిన విధియందు మాత్ర మా యతిదేశము చెల్లదు. అచ్చుబొమ్మ మూలమునకు ఆదేశము. కథ తెలియుటకు, హాస్యము స్ఫురించుటకు నది చాలును. గీఁత యెచట మొదలై యెచటఁ దేలిపోయెనో, చిత్రకారుఁ డే పెన్సిలురేఖను విడిచి దేనిని గ్రహించెనో తెలియవలెనన్న నది చాలదు. బాపు చేవ్రాతను బట్టి యేర్పడిన కంప్యూటరు లిపియే నిదర్శనము. అందొక యక్షరము పదిమాఱులు వచ్చినను బదియు నొక్కటియే. చేతివ్రాతలోఁ బది పదివిధములు. గ్రంథము ముద్రితమైన పిదపఁ గూడఁ దాళపత్రమును భద్రపఱచు పండితలోక మీ కాగితముల నేల యుపేక్షింపవలెను?

మూలచిత్రములను గూర్చి నివాళి యర్పించుట యాంధ్రులకుఁ గ్రొత్త కాదు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు 1925లో నిరువదియెనిమిదవ యేట గతింపఁగా, వరదా వెంకటరత్నము మొదలగు మిత్రుల పూనికచే నాతని పేరఁ జిత్రశాల నిలిచినది. అవి వర్ణచిత్రములగుటచే మొదటినుండియుఁ గళావస్తువులుగా నెంచఁబడెను. అచ్చుబొమ్మల కా గౌరవ మాలస్యముగా వచ్చినది. అమెరికాలోఁ గామిక్కు పుస్తకముల చిత్రకారుఁడు జాక్ కర్బీ తన పుటలకై ప్రచురణకర్తలతోఁ జిరకాలము వాదింపఁగా, 1987లో రమారమి 2,000 పుటలు మాత్రమే తిరిగివచ్చినవి. అతఁడు గీచినవి దానికి ననేకరెట్లు.

కృష్ణాడెల్టాలోఁ గాగితమునకుఁ దేమయు, చెదలును, వరదయు శత్రువులు. 2024 సెప్టెంబరున బుడమేటి నీరు విజయవాడ యిండ్లలోఁ బ్రవేశించినపు డీ సంగతి మరల ఋజువైనది. కావున మొదటి పని కొనుగోలు కాదు, పట్టిక. బాపు గీచిన కాగితము గలవారు దాని కొలతను, తేదీని, ప్రకటించిన పత్రికను, వెనుకనున్న వ్రాతను నమోదు చేయవలెను. కాగితము తమదైనంతమాత్రమున దానిని ముద్రించు హక్కు తమది కాదు; భారతదేశ చట్టము ప్రకార మా హక్కు కర్త గతించిన సంవత్సరాంతము మొదలు 60 ఏండ్లు, అనఁగా 2074 తుదివఱకు నిలుచును. పట్టిక కీ చిక్కు లేదు. దాని ప్రతి యొకటి యాతని పేరుగల శాలలో నున్నచో నా పేరునకు సార్థక్యము గలుగును.