స్థానిక నెట్‌వర్క్ చరిత్ర: నియమాలు, నమ్మకం

పరిచయం

మీ ఇంట్లో వై-ఫై ఉంటే, ఫోనులోని వీడియోను టీవీ తెరపైకి పంపి ఉంటారు. ఆ టీవీ ఎక్కడుందో ఫోనుకు ఎలా తెలిసింది? ఒకే గదిలోని పది పరికరాలు ఒకే తరంగాల మీద మాట్లాడుతుంటే ఆ సందేశాలు ఎందుకు కలగాపులగం కావు? ఈ ప్రశ్నలకు జవాబు యాభై ఏళ్ల చరిత్రలో ఉంది. నేటి భద్రతా సమస్యకు మూలం కూడా అక్కడే ఉంది.

1. హవాయి ప్రయోగం

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్‌ను ప్రారంభించింది. వేర్వేరు దీవుల్లోని టెర్మినళ్లను ప్రధాన కంప్యూటర్‌తో రేడియో ద్వారా కలపడం దీని లక్ష్యం. టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి టైపు చేసే సమయం తక్కువ, ఆలోచించే సమయం ఎక్కువ. కనుక ఒక్కొక్కరికి ఒక్కో ఛానెల్ ఇస్తే అది చాలాసేపు వృథాగా ఉంటుంది. అందుకే అందరికీ ఒకటే ఛానెల్ ఉంచారు. నియమం సులభమైనది: సందేశం ఉంటే పంపాలి, అందినట్లు జవాబు రాకపోతే కొంతసేపు ఆగి మళ్లీ పంపాలి. ఆ విరామం ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉండాలి. ఇద్దరూ సమానంగా ఆగితే సందేశాలు మళ్లీ ఢీకొంటాయి కదా! అయితే ఈ పద్ధతిలో ఛానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతం మాత్రమే ఉపయోగపడుతుంది.

2. ఈథర్నెట్

అబ్రామ్సన్ పరిశోధన పత్రాన్ని చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1973 మే 22న ఈథర్నెట్‌ను ప్రతిపాదిస్తూ ఒక నోట్ రాశాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని నిర్మించాడు. దీని నియమాన్ని రచ్చబండ మీది సంభాషణతో పోల్చవచ్చు. ఎవరైనా మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగుతారు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ ఆగి, కాసేపటికి తిరిగి ప్రయత్నిస్తారు. తొలి ఈథర్నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. 1983లో ఐఈఈఈ 802.3 ప్రమాణం రావడంతో వేర్వేరు సంస్థల యంత్రాలను ఒకే కేబుల్‌కు కలపడం సులభమైంది.

3. చిరునామా వెతకడం, తీగ లేకుండా మాట్లాడడం

దారి దొరికింది, మరి అవతలి యంత్రాన్ని గుర్తించడం ఎలా? 1982లో రూపొందిన ఏఆర్‌పీ నియమం ప్రకారం, ఒక యంత్రం "ఈ నంబరు ఎవరిది?" అని అందరినీ అడుగుతుంది. ఆ నంబరు గల యంత్రం "నాదే" అంటూ తన హార్డ్‌వేర్ చిరునామా చెబుతుంది. ఆ జవాబు నిజమా కాదా అని పరీక్షించే ఏర్పాటు ఈ నియమంలో లేదు.

1997లో వెలువడిన 802.11 ప్రమాణం వై-ఫైకి పునాది. రేడియోలో పరికరం తాను సందేశం పంపుతున్నప్పుడు ఇతరుల బలహీన సంకేతాన్ని వినడం కష్టం. అందుచేత అది ముందే విని, ఆగి, పంపి, అందినట్లు జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఇందులో హవాయి పద్ధతి పోలికను మీరు గుర్తించవచ్చు. 2013లో ప్రమాణంగా వెలువడిన మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ ద్వారా ఫోను "వీడియో చూపగలవారు ఎవరు?" అని స్థానిక నెట్‌వర్క్‌లో అడగగలదు. టీవీ తన పేరు చెబుతుంది.

4. నమ్మకానికి మూల్యం

ఈ ఏర్పాట్లలో ఒక ఊహ దాగి ఉంది: లోపల ఉన్నవారంతా మనవారే. పరిశోధన కేంద్రంలో అది సబబే. ఇంటి కెమెరాలు, రౌటర్లు ఇంటర్నెట్‌కు తెరుచుకున్నాక ఆ ఊహ నిలవలేదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులనే ప్రయత్నించి ఇటువంటి పరికరాలను లక్షల సంఖ్యలో వశం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరు 21న వాటితో డిన్ అనే సంస్థపై దాడి జరగగా, అమెరికాలో ట్విటర్ వంటి సేవలకు గంటల తరబడి అంతరాయం కలిగింది. ఇలా వశమైన పరికరం మీ ఇంట్లో ఉంటే, బయటివాడు లోపలివాడై కూర్చున్నట్లే.

సారాంశం

దారిని పంచుకునే నియమాలు కాలానికి తగినట్లు మారుతూ వచ్చాయి. నమ్మకానికి సంబంధించిన నియమాలు మాత్రం వెనుకబడ్డాయి. కాబట్టి కొత్త పరికరం కొన్న రోజే దాని పాస్‌వర్డు మార్చండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అలోహానెట్‌లో విరామ సమయం అందరికీ ఒకేలా ఉంటే ఏమవుతుంది?
2. ఏఆర్‌పీలోని బలహీనతను మీ మాటల్లో వివరించండి.