గూడూరు ప్రాంతంలో మొబైల్ నెట్‌వర్క్ ఎంపిక

కృష్ణా జిల్లా గూడూరు మండలంలోను, దానికి అటూ ఇటూ ఉన్న బందరు (మచిలీపట్నం), పెడన, గుడివాడ, దివిసీమ ఊళ్ళలోను ఏ కంపెనీ సిమ్ వేసుకోవాలో తేల్చేవి రెండు సంగతులు. మనం ఉండే చోట సిగ్నల్ అందడం ఒకటి. అందిన సిగ్నల్ మీద మాట తెగకుండా, స్పష్టంగా వినబడడం రెండోది. మొదటిది ఉన్నచోట రెండోది ఉండి తీరాలని లేదు.

ఇక్కడ సేవలందిస్తున్నవి జియో, ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా), బీఎస్‌ఎన్‌ఎల్. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఇప్పటికీ ఒకే సేవా ప్రాంతం. 2014లో రాష్ట్రం విడిపోయినా ఈ సర్కిల్ విడిపోలేదు. అంచేత 'ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మేమే ముందు' అని ఒక కంపెనీ ప్రకటిస్తే ఆ లెక్కలో హైదరాబాదు కూడా ఉంటుంది. తరకటూరులోనో మల్లవోలులోనో ఒక ఇంటి వంటగదిలో ఫోను మోగుతుందో లేదో ఆ సగటు చెప్పదు. ఇంకో చిక్కు పేరుతోనే ఉంది. కవరేజి మ్యాపులో గూడూరు అని వెతికితే నెల్లూరు వైపు గూడూరు, కర్నూలు జిల్లా గూడూరు కూడా తగులుతాయి. మన గూడూరు విజయవాడ–మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారి మీద, బందరుకు చేరువలో ఉన్నది. చుట్టుపక్కల చిట్టిగూడూరు, ఆకులమన్నాడు, కప్పలదొడ్డి కనిపిస్తేనే అది మన మ్యాపు.

నేపథ్యం

ల్యాండ్‌లైన్ల కాలంలో ఎంపిక అన్న మాటే లేదు. మచిలీపట్నానికి 08672, గుడివాడకు 08674, అవనిగడ్డకు 08671 అని మూడు ఎస్‌టీడీ కోడ్‌లు ఉండేవి. పక్క ఊరు వేరే కోడ్ కిందిదైతే దానికి మాట్లాడాలన్నా ముందు కోడ్ కొట్టాలి. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదటి లైసెన్సులు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ అనే రెండు సంస్థలకు దక్కాయి. మొదటిది తర్వాత ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. బీఎస్‌ఎన్‌ఎల్ మొబైల్ సేవ 2002 అక్టోబరులో మొదలైంది. ఒక దశలో డజను దాకా కంపెనీలు పోటీపడ్డాయి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక కొన్ని మూతబడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. మిగిలినవి ఈ నాలుగే.

డెల్టా నేల, ఇంటి కప్పు

ఈ ప్రాంతంలో కొండ అన్నది లేదు. నలభై మీటర్ల టవర్ ఎక్కి చూస్తే వరిచేలు, కాలవ గట్లు, తాడితోపులు తప్ప చూపుకు అడ్డం ఉండదు. ఇది సిగ్నల్‌కు గొప్ప అనుకూలం. కాని సిగ్నల్ రెండు వైపులా నడవాలి. టవర్ పదుల వాట్ల బలంతో పంపుతుంది. 4జీ ఫోను తిరిగి పంపగలిగేది మహా అయితే వాటులో అయిదో వంతు. అందుకే చివరి పొలాల్లో, టవర్‌కు దూరమైన పల్లెల్లో ఈ సంభాషణ మామూలు: "ఆఁ, వినపడతందిరా అబ్బాయ్, చెప్పు... నా మాట వినపడతందా? హలో... హలో..." హైదరాబాదులో ఉన్న కొడుకు గొంతు తల్లికి చేరుతోంది. తల్లి గొంతు మాత్రం ఆమె చేతిలోని ఫోను నుంచి టవర్ దాకా వెళ్ళలేకపోతోంది. తప్పు ఆమె ఫోనుదీ కాదు, చెవిదీ కాదు.

రెండో అడ్డు ఇంటి కప్పు. పాత పెంకుటిళ్ళలో, తాటాకు ఇళ్ళలో సిగ్నల్ తేలిగ్గా లోపలికి వచ్చేది. ఇప్పుడున్న ఆర్‌సీసీ స్లాబ్‌లో ఇనుప ఊచల వల ఉంటుంది. ఇనుప రేకు అయితే తరంగాన్ని దాదాపు వెనక్కే కొడుతుంది. గుమ్మంలో బాగా పలికే ఫోను నడిమింట్లో మూగబోవడం ఇందువల్లే. చాలా ఇళ్ళలో ఫోనుకంటూ ఒక కిటికీ గూడు ఉంటుంది. మోగగానే ఎవరో ఒకరు అక్కడికి పరుగెత్తాలి. లేదా డాబా ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఇది చిన్న కష్టం కాదు.

ఇక్కడే ఫ్రీక్వెన్సీ తేడా లెక్కకు వస్తుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు దూరం పోతాయి, గోడలోకి దూరతాయి. 1800, 2100, 2300 మీద డేటా ఎక్కువ నడుస్తుంది గాని దూరం, చొరవ తగ్గుతాయి. 5జీకి ఎక్కువగా వాడే 3300 ఇంకా తొందరగా అలిసిపోతుంది. 5జీ విషయంలో జియోకు 700 కూడా ఉన్నది. బీఎస్‌ఎన్‌ఎల్ తన స్వదేశీ 4జీని 700, 2100 మీద నడుపుతోంది. ఆ 4జీని 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రధాని ప్రారంభించారు. కాబట్టి టవర్ దగ్గరగా ఉందా అన్నది సగం ప్రశ్నే. ఆ టవర్ మీద తక్కువ ఫ్రీక్వెన్సీ ఉందా, మన ఫోను దాన్ని పట్టగలదా అన్నది మిగతా సగం. పాత ఫోన్లు కొన్ని 700ను అసలు గుర్తించవు.

మాట నాణ్యత

మాట చెడిపోవడం మూడు రకాలు. కాల్ కలవకపోవడం, కలిసి మధ్యలో కట్ అవడం, కట్ కాకుండానే మాట ముక్కలు కావడం. రెండోదానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన హద్దు నూటికి రెండు. తెగిన ప్రతి కాల్‌కు రూపాయి చొప్పున రోజుకు మూడు కాల్స్ దాకా వినియోగదారుకు వెనక్కి ఇవ్వాలని 2015 అక్టోబరులో ట్రాయ్ ఆదేశించింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మూడో రకానికే జనం ఎక్కువ విసిగిపోతారు. అవతలి మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, మనకు మాటల ముక్కలు చేరతాయి.

గొంతు స్పష్టతలో పాత, కొత్త పద్ధతుల మధ్య తేడా చెవికే తెలుస్తుంది. 2జీ కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. 4జీ మీద నేరుగా నడిచే వోల్టీ కాల్ దాదాపు 7000 దాకా మోస్తుంది. స, శ, ష తేడా తెలిసేది ఆ పై భాగంలోనే. ఫోనులో వోల్టీ లేకపోతే, ఉన్నా సెట్టింగుల్లో ఆపేసి ఉంటే, కాల్ వచ్చినప్పుడల్లా అది 2జీకి దిగుతుంది. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి దాని సిమ్‌కు వోల్టీ ఉన్న ఫోనే కావాలి. పాత కీప్యాడ్ ఫోనులో అది పనిచేయదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ అన్నిటికంటే తేలికైన మార్గం. స్లాబ్ కింద సిగ్నల్ లేకపోయినా వైఫై మీద మామూలు నంబరుతోనే కాల్ నడుస్తుంది. చాలా ఫోన్లలో ఈ సౌకర్యం ఉండి కూడా ఎవరూ ఆన్ చేయరు.

రద్దీ వేరే సంగతి. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మంగినపూడి తీరంలో సముద్ర స్నానాలకు వేలమంది చేరినప్పుడు ఫోనులో గీతలన్నీ నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాల వంటి సందర్భాల్లో కంపెనీలు తాత్కాలిక టవర్లు తెస్తాయి. ఏటేటా జరిగే ఊరి జాతరకు ఆ ఏర్పాటు ఉండదు.

చెరువు గట్టు మీద సిమ్

ఈ ప్రాంతంలో నెట్‌వర్క్ ఎంపిక డబ్బుతో నేరుగా ముడిపడేది రొయ్యల చెరువు దగ్గర. నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి తానే తీసుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో అది అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, నీటికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. జనరేటర్ వేయడానికి ఎంతో సమయం ఉండదు. పంట మొత్తం పోవచ్చు.

అందుకని రైతులు మోటారు పెట్టెలో మొబైల్ స్టార్టర్ బిగించుకుంటారు. అందులో ఒక సిమ్ ఉంటుంది. కరెంటు పోతే అది రైతు నంబరుకు కాల్ చేస్తుంది. రైతు ఇంటి నుంచే కాల్ చేసి మోటారు వేయవచ్చు, ఆపవచ్చు. ఈ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది 2జీ పరికరం. కాబట్టి వాటికి 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీ సిమ్మే పెట్టాలి. గట్టు మీద నిలబడి స్మార్ట్‌ఫోనులో నాలుగు గీతల 4జీ చూసి సిమ్ కొంటే పెట్టెలో అది పలక్కపోవచ్చు. పెట్టె ఇనుప రేకుదైతే యాంటెన్నాను బయటికి తీసి కర్రకు కట్టాలి. రీఛార్జ్ గడువు ముగిసిన సంగతి ఆ సిమ్ ఎవరికీ చెప్పదు. అవసరమైన రాత్రి మౌనంగా ఉండిపోతుంది. డేటా అక్కర్లేని ఇలాంటి సిమ్‌లకు, కీప్యాడ్ ఫోను వాడే పెద్దలకు మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉన్న ప్లాన్లు విడిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. వోచర్ల గడువును 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. దుకాణంలో అడిగితే తప్ప ఎవరూ చెప్పని ప్లాన్లు ఇవి.

స్టార్టర్‌లో ఒక కంపెనీ సిమ్, చేతి ఫోనులో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోవడం ఈ పనిలో ఉన్నవారికి అనవసరపు ఖర్చు కాదు. ఒక టవర్ పడిపోయినా కబురు చేరాలి.

లంకలు, సముద్రం

రహదారి వెంట, పట్నాల్లో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నాగాయలంక, కోడూరు దాటి హంసలదీవి వైపు పోయేకొద్దీ పలచబడతాయి. పంటు ఎక్కి వెళ్ళాల్సిన ఎదురుమొండి దీవి వంటి చోట్ల టవర్‌కు డీజిలు చేర్చడం, చెడితే మనిషి వెళ్ళి బాగుచేయడం కూడా పడవ మీద పనే. అక్కడివారికి కంపెనీల మధ్య పోలిక కన్నా ఏదో ఒకటి నిలకడగా ఉండడం ముఖ్యం.

గిలకలదిండి హార్బర్ నుంచి వేటకు పోయేవారికి నీటి మీద అడ్డు లేదు కాబట్టి తీరం విడిచాక కూడా కొంతదూరం సిగ్నల్ వస్తుంది. 2జీకి మామూలుగా 35 కిలోమీటర్ల హద్దు ఆ సాంకేతికతలోనే ఉంది. టవర్ ఎంత బలమైనదైనా దాన్ని దాటదు. ఆపైన వీహెచ్ఎఫ్ సెట్టు, ఉపగ్రహ ట్రాన్స్‌పాండరే దిక్కు. ఏ సిమ్‌నూ నమ్ముకుని లోతుకు పోకూడదు.

తుపాను రోజులు

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ జ్ఞాపకం ఉన్న నేల మీద ఫోను పనిచేయడం ప్రాణాల సంగతి. గాలి హోరుకు టవర్ కూలడం అరుదు. ఎక్కువగా జరిగేది కరెంటు పోయి, బ్యాటరీలు అయిపోయి, జనరేటర్‌కు డీజిలు చేరక టవర్ ఆగిపోవడం, లేదా చెట్టు పడి ఫైబర్ తెగడం. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను ఈ తీరం మీదికి వచ్చినప్పుడు కూడా ముందున్న ప్రశ్న అదే, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందని.

ఇలాంటి వేళ ప్రభుత్వం ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపించగలదు. అప్పుడు మన కంపెనీ టవర్ ఆగినా ఫోను మరో కంపెనీ టవర్‌ను పట్టుకుంటుంది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపానుకు గుజరాత్‌లో ఇలా చేశారు. జిల్లా మొత్తం సేవ ఆగి 24 గంటలు దాటితే పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో ఉంది గాని ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఇచ్చారు. తుపాను ప్రాంతం వారికి ఆ రక్షణ అవసరమైన రోజునే అందదన్నమాట. ఇది సరిదిద్దవలసిన లోటు.

పరీక్షించుకునే తీరు

2024 ఆగస్టు నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన కవరేజి మ్యాపును వెబ్‌సైటులో పెట్టాలి. టవర్లు ఎక్కడున్నాయో ప్రభుత్వ తరంగ్ సంచార్ పోర్టల్ 2017 నుంచి చూపుతోంది. ఇవి మొదటి వడపోతకు చాలు. మ్యాపు ఆరుబయటి అంచనా. స్లాబ్ కింద సంగతి దానికి తెలియదు.

తెర మీద గీతలను కూడా నమ్మలేం. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలన్నది ఫోను తయారీదారు ఇష్టం. అసలు అంకె ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులు, ఫోను వివరాలు, సిమ్ స్టేటస్ అనే చోట డీబీఎంలలో ఉంటుంది. 4జీలో అది మైనస్ 85 దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 100 అయితే సరిపెట్టుకోవచ్చు, మైనస్ 115 అయితే మాట తెగుతుంది. పది అంకెల తేడా అంటే బలంలో పది రెట్లు.

బంధువుల సిమ్ ఒకటి రెండు రోజులు అడిగి తెచ్చుకుని తన ఫోనులోనే వేసి చూడడం అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష. పడకగదిలో తలుపు వేసి, చెరువు గట్టున, పొలంలో, బందరు బస్సులో మాట్లాడాలి. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల రద్దీలో ఒకసారి, కరెంటు పోయినప్పుడు ఒకసారి చూడాలి. అవతలివారికి మన మాట ఎలా వినబడుతోందో అడగడం మరవకూడదు.

నంబరు మార్చకుండా మారడం

2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారవచ్చు. పోర్ట్ అని ఆంగ్లంలో టైపు చేసి, ఖాళీ విడిచి, మన నంబరు వేసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. దాని గడువు నాలుగు రోజులు. ఉన్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు. సిమ్ పోయి కొత్తది తీసుకున్నవారు 2024 జులై నుంచి ఏడు రోజులు ఆగాలి. సర్కిల్ లోపల మారడానికి మూడు పనిదినాలు. రొయ్యల రైతు అయితే తుపాను హెచ్చరిక లేని వారం చూసుకుని మారాలి, ముందుగా స్టార్టర్‌లో నమోదైన నంబరు కాక రెండో నంబరును మార్చాలి.

మారకుండా ఉన్నచోటే బాగుచేయించుకోవాలంటే 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. ఒకే వీధిలో పదిమంది ఒకే వారంలో విడివిడిగా చేసిన ఫిర్యాదులు ఆ ఒక్క టవర్ పేరు మీదే పడతాయి.