మన మీదుగా పోవు విమానములు

నేను బడిపంతులుగా నున్న కాలమున భూగోళపాఠము చెప్పునప్పుడు పిల్లలచే నొక పని చేయించెడివాడను. దేశపటమును నేలపై పరపించి, హైదరాబాదునుండి బెంగుళూరువరకు ఒక దారమును బిగించి పట్టుడనెడివాడను. ఆ దారము వనపర్తికిని నాగర్‌కర్నూలునకును నడుమ పడును. మదరాసువైపు పట్టించినచో నది అమరాబాదు అడవులమీదుగా పోవును. అప్పుడు పిల్లలు "సార్, అట్లయితే విమానాలు మన నెత్తిమీదికెల్లి పోతయా?" అని యడుగుదురు. పోవుననెదను. "మరి దిగవేంది?" అని మరల నడుగుదురు. మొదటి ప్రశ్నకు బదులు పటమే చెప్పెను. రెండవదానికి చరిత్ర చెప్పవలెను. తరగతిలో గంట కొట్టుటచే నెన్నడును పూర్తి చేయజాలని యా బదులును నేడు శ్రోతలకు విన్నవింతును.

మన ప్రాంతమునకు విమానము క్రొత్తది కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము ఏలుబడిలో నున్న కాలముననే హైదరాబాదు రాజ్యమునకు సొంత విమానసంస్థ యొకటి యుండెను. దాని పేరు దక్కన్ ఎయిర్‌వేస్. 1945వ సంవత్సరమున నది స్థాపితమై 1946లో ప్రయాణికులను గొనిపోవ నారంభించెను. నిజాము ప్రభుత్వ రైల్వేశాఖ దానికి ప్రధాన భాగస్వామి. టాటా విమానసంస్థ రెండవ భాగస్వామి. ఈ రైల్వేశాఖయే 1932లో 27 బస్సులతో రోడ్డురవాణాను కూడ ప్రారంభించియుండెను. నేటి ఆర్టీసీకి మూలమదియే. రైలు, బస్సు, విమానము, ఈ మూడును మన దేశమున నొకే యింటి బిడ్డలన్నమాట. మొదటి యిద్దరు బిడ్డలును మన యూళ్లకు వచ్చిరి. మూడవవాడు మాత్రము మన మీదుగానే పోయెను.

ఆ సంస్థకు బలగము డకోటా విమానములు. డగ్లస్ కంపెనీవారి డీసీ-3 అను నీ విమానము 1935 డిసెంబరు 17న మొదటిసారి యెగిరినది. దీనికి రెండు ఇంజనులు. ఇరువదియొకరు మొదలు ముప్పదిమందివరకు కూర్చుండవచ్చును. నేలపై నిలిచినప్పుడు ముక్కు పైకెత్తి, తోక క్రిందికి వాల్చియుండును. రెండవ ప్రపంచయుద్ధమున సేనల యవసరమునకై ఇవి వేలకొలదిగా తయారైనవి. యుద్ధము ముగియగా మిగిలినవాటిని చవుకగా నమ్మిరి. అట్లు కొన్న డకోటాలతోనే మన దేశమున అనేక విమానసంస్థలు పుట్టినవి. ఒకే రకపు విమానములుండుటవలన నొక సౌకర్యము కలదు: పైలట్లకు శిక్షణ యొకటే, మరమ్మతుసామగ్రి యొకటే. కాని చిన్నసంస్థకు విమానములు కొలదిగనే యుండును గనుక, వానిలో నొకటి మూలబడిన దినమున ఆ దారి యంతయు మూతపడును.

బేగంపేటనుండి బయలుదేరిన యీ విమానములు ఒకవైపు మదరాసునకును, మరియొకవైపు నాగపూరు, భోపాలు, గ్వాలియరుల మీదుగా ఢిల్లీకిని పోవుచుండెను. బెంగుళూరు, బొంబాయి మార్గములును ఉండెను. శ్రోతలు ఇచ్చట నొక విషయము గమనింపవలెను. బేగంపేట యొక్కటియే ఆ సంస్థకు సొంతము. దానికి లాభము తెచ్చు మహానగరములన్నియు హైదరాబాదు రాజ్యపు సరిహద్దులకు వెలుపల నుండెను. ఆ తలుపుల తాళములు పరుల చేతులలో నుండెను.

ఆ తాళములు పడు దినము త్వరలోనే వచ్చినది. 1947 నవంబరు 29న భారతప్రభుత్వమునకును నిజామునకును యథాతథ ఒడంబడిక జరిగెను. అది నిలువలేదు. రాజ్యములోపల రజాకారుల దౌర్జన్యములును, వెలుపల ఆర్థికనిర్బంధమును పెరిగినవి. 1948 నడిమి మాసములలో దక్కన్ ఎయిర్‌వేస్ సేవలను భారతప్రభుత్వము నిలిపివేసెను. అదే సమయమున సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా దేశీయుడు కరాచీనుండి రాత్రులందు పెద్దవిమానములలో నిజామునకు ఆయుధములు చేరవేయుచుండెను. దొంగచాటు విమానము దిగుచుండగా, టిక్కెట్టు కొన్న ప్రయాణికుని విమానము నేలపై నిలిచిపోయెను. సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనికచర్య 17న ముగిసెను. తరువాత సంస్థ మరల నెగిరెను. కాని స్వతంత్రముగా నెగిరిన కాలము స్వల్పమే.

ఆ స్వల్పకాలమున నా సంస్థ చేసిన యొక మంచిపనిని మరువరాదు. వాణిజ్యవిమానములు నడుపు అనుమతిపత్రము పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతికి, స్త్రీయను కారణముచే, ఎనిమిది సంస్థలు ఉద్యోగము నిరాకరించినవని చెప్పుదురు. ఆమెను చేర్చుకొన్నది దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమానపందెమున గెలిచెను. చిన్నసంస్థ చేయగల సాహసము పెద్దసంస్థ కొన్ని వేళల చేయదు.

1953 ఆగస్టు 1న ఎనిమిది ప్రైవేటు సంస్థలను కలిపి ప్రభుత్వము ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పరచెను. అందు దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. ఆ నూతన సంస్థకు 99 విమానములు చేరగా, వానిలో 74 డకోటాలే. కలయికవలన దేశమునకు మేలు కలిగినది. కాని ప్రాంతీయసంస్థ యను మాట దాదాపు ముప్పది సంవత్సరములు వినబడలేదు.

తరువాత 1981 జనవరి 26న వాయుదూత్ వచ్చినది. చిన్న పట్టణములను పెద్ద నగరములతో కలుపుటకై ప్రభుత్వమే దానిని స్థాపించెను. దాని డార్నియరు విమానములలో 19 ఆసనములుండెడివి. నష్టములు పెరిగి 1993లో నది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. మరల 2015 జూలై 12న హైదరాబాదు కేంద్రముగా ట్రూజెట్ అను సంస్థ తిరుపతికి మొదటి విమానమును నడిపెను. దాని బలగము ఏటీఆర్-72 విమానములు. ఇవి రెక్కలకు పంకాలు గలవి. సుమారు డెబ్బదిమందికి చోటు కలవి. కొలది దూరమునకు ఇంధనము తక్కువ త్రాగునవి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద ప్రధానమంత్రి ప్రారంభించిన మొదటి మార్గములలో హైదరాబాదు–కడప, హైదరాబాదు–నాందేడు మార్గములు ఈ సంస్థవే. అదియు 2022 ఫిబ్రవరిలో నిలిచిపోయెను.

మూడు కాలములు, మూడు సంస్థలు. మూడును నిలువలేదు. మొదటిదానికి రాజకీయము, రెండవదానికి నష్టము, మూడవదానికి పెట్టుబడి కొరత కారణములని పైపైన చెప్పవచ్చును. లోతుగా చూచినచో నొక సామాన్యకారణము కనబడును. ప్రాంతీయసంస్థ బ్రదుకు చిన్న యూరిలో లేదు. మహానగరపు విమానాశ్రయములో నున్నది. కడపనుండి వచ్చువాడు హైదరాబాదులో నాగిపోవుటకే రాడు. అచ్చటనుండి ఢిల్లీకో దుబాయికో పోవలెను. కనుక ఆ చిన్నవిమానము పెద్ద విమానాశ్రయమున సరియైన వేళకు దిగవలెను. ఆ వేళను వ్యవహారమున స్లాటు అందురు. నూట ఎనుబదిమందిని తెచ్చు విమానమునకును డెబ్బదిమందిని తెచ్చు విమానమునకును రన్‌వే పై పట్టు కాలము ఇంచుమించుగా సమానమే. పైగా 80 ఆసనములకు లోపున్న విమానములకు ప్రభుత్వము దిగుడు రుసుమును మినహాయించినది. ఈ దయ చిన్నసంస్థకు మేలే. కాని ముంబయి వంటి రద్దీ విమానాశ్రయపు యజమాని యేమి తలచును? ఎక్కువమందిని, ఎక్కువ రుసుమును తెచ్చువానికే ఉదయపు వేళ నీయ నిచ్చగించును. చిన్నవానికి మిగిలిన వేళ దొరకును. ఆ వేళకు తరువాతి విమానము తప్పిపోవును. ప్రయాణికుడు మరల బస్సెక్కును.

ఉడాన్ పథకమున సంస్థలకు లోటు పూరింప నిచ్చు సహాయము ఒక్కొక్క మార్గమునకు మూడు సంవత్సరములే. ఆ గడువులోపల మార్గము తన కాళ్లపై నిలువవలెను. బిడ్డకు నడక వచ్చునో రాదో చూడక వ్రేలు వదలినట్లు, అనేక మార్గములు గడువు ముగియగనే కూలినవి.

ఇక మన సంగతి. 2016 అక్టోబరు 11న మన మూడు పట్టణములును జిల్లాకేంద్రములైనవి. 2021 మార్చి 25న ఓర్వకల్లు వద్ద, కర్నూలునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేర విమానాశ్రయము ప్రారంభమై, మూడు దినములకు బెంగుళూరు, చెన్నై, విశాఖపట్టణములకు విమానములు బయలుదేరినవి. తుంగభద్ర దాటిన గద్వాలవారికది దగ్గరదే. మన పాలమూరులోనే దేవరకద్ర సమీపమున గుడిబండ వద్ద మరియొక విమానాశ్రయమును నిర్మింపవలెనను ప్రతిపాదనయు వెలువడినది. కాని శంషాబాదు విమానాశ్రయ నిర్మాతలతో జరిగిన ఒడంబడికలో 150 కిలోమీటర్ల లోపల వేరొక విమానాశ్రయమునకు అడ్డుకట్ట కలదు. పాలమూరు ఆ లోపలిదే.

ఇట్లనుటచే మనకు విమానమేల యని నేననుట లేదు. దేశమందలి ఆనకట్టలపై రాళ్లు మోసిన పాలమూరు కూలీల మనుమలు నేడు అమెరికాలో నున్నారు. వారిని సాగనంపుటకు తల్లిదండ్రులు అర్ధరాత్రి జీపులలో శంషాబాదునకు పోవుచున్నారు. వారికి దారి కావలెను. కాని యే దారి? నాగర్‌కర్నూలునకు నేటికిని రైలు లేదు. వనపర్తి రోడ్డు అను స్టేషను వనపర్తిలో లేదు; మదనాపురములో నున్నది. గద్వాలనుండి మాచర్లకు రైలుమార్గమని మన తాతలు వినిన మాటను మన మనుమలును వినుచున్నారు.

కృష్ణానది యుగములుగా మన ప్రక్కనే పారినది. పారినంతమాత్రమున పొలము తడియలేదు. జూరాల వద్ద కట్టయు, తూములును, కాలువలును ఏర్పడిన పిమ్మటనే గద్వాల మడులకు నీరెక్కినది. ఆకాశమార్గమును అట్టిదే. కనుక రేపు ఎవరైన వచ్చి, మీ యూరికి విమానము తెత్తుమని సభలో చెప్పినచో, చప్పట్లకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు. విమానములెన్ని? ఒకటి చెడినచో మారు విమానము కలదా? ఏ మహానగరమున, ఏ వేళకు దానిని దిగనిత్తురు? మూడు సంవత్సరముల పిమ్మట ఖర్చెవరు భరింతురు? బదులు దొరకినచో రన్‌వేకు భూమి నిత్తము. దొరకనిచో మొదట రైలు నడుగుదము. అది శంషాబాదువరకు పోవు రైలైన మరియు మేలు.

నా శిష్యుల రెండవ ప్రశ్నకు బదులిదియే. తూము లేనందున విమానము మన యూరిలో దిగలేదు. తూము తాళము మన చేతికి వచ్చు దినమున దిగును. అంతవరకు ఆ దారమును పటముపై పట్టి చూచుచునే యుందము. సెలవు.