పోయిందన్న డిస్క్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కుతున్నారు మీరు. సాయంత్రం ఆరు దాటింది. ఎదురొచ్చేవాళ్ల భుజాల మీద మానిటర్ల అట్టపెట్టెలు, చంకల్లో కీబోర్డులు. వరండా పొడుగునా షాపుల ముందు కేబుళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కొత్త సరుకు అమ్మే అద్దాల షాపులు దాటి ఇంకాస్త లోపలికి రండి. ఒకరు కూచుంటే ఇంకొకరు నిలబడటానికి మాత్రమే చోటున్న రిపేరు కౌంటర్ ఒకటి ఉంది. దాని పక్కన నిలబడండి. జనగామ నుంచి బస్సులో వచ్చిన ఫొటోగ్రాఫర్ ఒకతను సంచిలోంచి టవల్‌లో చుట్టిన హార్డ్ డిస్క్ తీస్తున్నాడు.

"ఎన్నేండ్ల సంది వాడుతున్నవ్ తమ్మీ?"

"ఆరేండ్లయితుంది అన్నా. కొంచెం సేపు కనవడ్తది, మళ్ల మాయమైతది. కాపీ పెడితే సగంల ఆగిపోతుంది. మా ఊళ్ల సిస్టం చూసేటాయన డిస్క్ పోయింది, కొత్తది కొనుక్కోమన్నడు. ఆల్బమ్ ఇయ్యని పెండ్లిళ్లు గూడ దీంట్లనే ఉన్నయ్."

"సప్పుడేమన్న వస్తుందా?"

"లే అన్నా."

ఆ ఒక్క మాటకు రిపేరు చేసే పెద్దాయన మొహం తేటపడింది. కానీ డిస్క్‌ను వెంటనే కంప్యూటర్‌కు తగిలించడు. టేబుల్ లైటు కింద పెట్టి అంచులు చూస్తాడు, ఎక్కడైనా సొట్ట పడిందా అని. బోర్డు వాసన చూస్తాడు, ఏదైనా మాడిందా అని. తర్వాత కరెంటు వైరు మాత్రమే పెట్టి చెవి దగ్గరకు తెచ్చుకుంటాడు. మీరూ వినండి. మోటారు రొద సన్నగా మొదలై కొన్ని సెకన్లలో ఒకే స్థాయిలో నిలబడింది. మెత్తగా ఒక్కసారి "టక్"మంది. రాసీ చదివే హెడ్లు ర్యాంపు దిగి, తిరిగే పళ్లేల మీదికి వచ్చిన చప్పుడది. ఆ తర్వాత గోల లేదు.

ఈ వినడానికి ఎందుకింత విలువో తెలియాలంటే మూత లోపల ఏం జరుగుతోందో ఊహించుకోవాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో పళ్లెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. దాని మీద హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మనిషి వెంట్రుక మందం అరవై డెబ్బై వేల నానోమీటర్లు ఉంటుంది. హెడ్‌ను తేల్చేది గాలే. మామూలు డిస్క్ మూత మీద చిన్న రంధ్రం, దాని వెనక ఫిల్టర్ అందుకే ఉంటాయి. ఆ రంధ్రం మీద స్టిక్కర్ అంటించకూడదు.

ఇప్పుడు డేటా వైరు కూడా పెట్టాడు. స్క్రీన్ మీద డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరుచుకుంది. పైన పసుపు రంగులో హెచ్చరిక. ఫొటోగ్రాఫర్ దాన్ని చూసి నీరుగారిపోయాడు. పెద్దాయన చూపు ఆ పసుపు దగ్గర ఆగలేదు, కింద వరుసల్లోకి దిగింది. డిస్క్ మొత్తం నడిచింది 31 వేల గంటల పైమాటే, అంటే రాత్రీపగలూ ఆపకుండా తిప్పితే మూడున్నరేళ్లు. 05 అన్న వరుస దగ్గర సున్నా. డిస్క్ తనంతట తాను పక్కనపెట్టి వేరేచోటికి మార్చుకున్న సెక్టార్లు లేవన్నమాట. సీ5 దగ్గర 8. చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్లవి. సీ7 దగ్గర మాత్రం మూడు వేలు దాటిన అంకె.

"ఇగో, ఇది చూడు. ఇది డిస్క్ రోగం కాదు, దారి రోగం."

డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య నడిచే ప్రతి సమాచారపు ముక్క వెంట సరిచూసుకోవడానికి ఒక లెక్క కూడా వెళ్తుంది. అవతల చేరాక లెక్క మళ్లీ వేస్తారు. తేడా వస్తే మళ్లీ పంపమంటారు, సీ7లో ఒకటి పెరుగుతుంది. పళ్లెం మీద రాత ఎంత శుభ్రంగా ఉన్నా వైరు వదులైతే ఈ అంకె పెరుగుతూనే ఉంటుంది. వైరు మార్చినా పాత అంకె తగ్గదు. ఇకమీద పెరుగుతుందా లేదా అన్నదే చూడాలి. "పోయింది" అని తీర్పు చెప్పినవాళ్లు ఈ ఒక్క వరుస చదివి ఉంటే జనగామ మనిషికి ఇన్ని నిద్రలేని రాత్రులు తప్పేవి. డిస్క్ మీద నింద వేసే ముందు వైరును అనుమానించడం రిపేరు పనిలో మొదటి ధర్మమని నా నమ్మకం.

ఫొటోగ్రాఫర్ తన సీపీయూ లోపలి ఫొటో ఫోన్‌లో చూపించాడు. పెద్దాయన వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నాడు. మీరూ తొంగిచూడండి. ఎర్రటి సాటా కేబుల్ క్యాబినెట్ తలుపుకు ఒరుసుకుని మడతపడి ఉంది. దాని కొసకు పట్టి ఉంచే ఇనుప క్లిప్పు లేదు. పవర్ సప్లై నుంచి వచ్చిన ఒక్క తీగను స్ప్లిటర్లతో చీల్చి నాలుగు డిస్క్‌లకు ఇచ్చారు. ఇలాంటి పెద్ద డిస్క్ ఒక్కోటి తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగ నుంచి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగూ ఒకేసారి లాగితే ఆ సన్నటి తీగ కొసన వోల్టేజీ పడిపోతుంది, డిస్క్ ఆగి మళ్లీ మొదలవుతుంది. వాడేవాళ్లకు అదే "మాయమవడం". క్యాబినెట్ లోపల వాడే సాటా కేబుల్‌ను 50 సార్లు పెట్టితీయడాన్ని తట్టుకునేలా మాత్రమే రూపొందించారన్న సంగతి చాలామంది వినలేదు. రోజూ పీకి పెట్టేవాళ్లు రెండు నెలల్లో ఆ లెక్క దాటేస్తారు.

ఇప్పుడు చూడాల్సింది మరొకటుంది. టార్క్స్ బిట్‌తో బోర్డు స్క్రూలు విప్పాడు. మూత జోలికి పోలేదు, అడుగున బయటే ఉండే ఆకుపచ్చ బోర్డును మాత్రం తిప్పి భూతద్దం కింద పెట్టాడు. వంగి చూడండి. హెడ్ల నుంచి వచ్చే సన్నటి స్ప్రింగు కాళ్లు ఆనే చోట చిన్న చిన్న లోహపు మచ్చలు వరుసగా ఉన్నాయి. మెరవాల్సినవి తోమని ఇత్తడి చెంబులా నల్లబడ్డాయి. తేమ చేసిన పని. అన్ని డిస్క్‌లలో ఇలా ఉండదు గానీ, ఉన్నచోట హెడ్ చదివింది బోర్డుకు అరకొరగా చేరుతుంది. పెద్దాయన సొరుగులోంచి పిల్లలు వాడే తెల్ల రబ్బరు తీశాడు. దాని మూలతో ఒక్కో మచ్చను, ఒకే దిక్కుకు, నెమ్మదిగా రుద్దుతున్నాడు. రబ్బరు పొట్టు నల్లగా రాలుతోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆరనిచ్చాడు. మచ్చలు ఒక్కొక్కటిగా తెల్లగా తేలాయి.

బోర్డు బిగిస్తుండగా వెనక నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. చేతిలో జేబు సైజు ఎక్స్‌టర్నల్ డిస్క్. "అంకుల్, మంచం మీంచి కింద పడింది. ఫ్రిజ్‌లో పెట్టి చూడమన్నారు ఫ్రెండ్స్."

తీసుకుని తగిలించాడు. టిక్, టిక్, టిక్. మూడోది వినపడగానే వైరు లాగేశాడు.

"ఫ్రిజ్‌ల పెడితే లోపట నీళ్లు పడ్తయి బిడ్డా. ఇంటికి వోయి మళ్ల పెట్టి చూడకు. ఒక్కసారి గూడ వద్దు. ఇది క్లీన్‌రూమ్ ఉన్నోళ్లు తెరవాలె, నా చేతిల లేదు." డబ్బులు తీసుకోలేదు.

దెబ్బతిన్న హెడ్ పళ్లేనికి తగులుతుంటే, కరెంటు ఇచ్చిన ప్రతిసారీ అయస్కాంతపు పూత ఇంకొంచెం గీసుకుపోవచ్చు. ఆ పూత మీదే ఆ పిల్ల ఫొటోలు ఉన్నాయి. తన చేతిలో లేని పనిని లేదని వెంటనే చెప్పే మెకానిక్ దొరకడం అదృష్టం.

ఇటు జనగామ డిస్క్‌కు క్లిప్పున్న కొత్త కేబుల్, విడి పవర్ వైరు వచ్చాయి. విండోస్‌లో తెరిచి "రిపేర్ చేయాలా?" అన్నదానికి అవునని నొక్కడు పెద్దాయన. పక్కనున్న లినక్స్ మిషన్‌కు మార్చి డీడీరెస్క్యూ మొదలుపెట్టాడు. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ కొత్త డిస్క్‌లోకి ఎత్తుకుంటుంది. మొండికేసే చోట్లను గుర్తు పెట్టుకుని చివర్లో వాటి దగ్గరకు వస్తుంది. కరెంటు పోయినా, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లకు ఏడున్నర గంటలు. షట్టర్ సగం దించారు. ఫొటోగ్రాఫర్ చుట్టాలింటికి వెళ్లాడు.

పొద్దున పదిన్నరకు మళ్లీ వచ్చారు మీరు. స్క్రీన్ మీద చదవలేకపోయిన భాగం అన్న వరుసలో ఉన్నది 4096 బైట్లు. నిన్నటి ఆ 8 ఇదే. ఒక్కోటి 512 బైట్లుగా లెక్కపెట్టిన ఎనిమిది సెక్టార్లు, పళ్లెం మీద నిజానికి ఒకే ఒక్క గడి. ఏ ఫైల్‌లో పడిందో వెతికితే ఒక ఫొటో తేలింది. సగం దాకా బాగానే ఉండి, కింద రంగులు చెదిరిపోయాయి. మిగతావన్నీ తెరుచుకున్నాయి. సీ7 అంకె రాత్రంతా కదల్లేదు.

"అయితే ఈ డిస్క్ ఇంక వాడుకోవచ్చా అన్నా?"

"వద్దు తమ్మీ. పక్కన పెట్టు."

ఆ జవాబు వెనక గట్టి ఆధారం ఉంది. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ఒక పత్రం ప్రకటించారు. స్కానింగ్‌లో మొదటి తప్పు బయటపడిన డిస్క్, తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం ఆ తప్పు లేనివాటి కంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. ఇంకో సంగతి మరింత భయపెడుతుంది. చెడిపోయిన డిస్క్‌లలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత తప్ప మిగతా ఏ వరుసలోనూ ముందస్తు సూచనే ఇవ్వలేదు. అంతా బాగుందన్న గుర్తు చూసి గుండె మీద చెయ్యేసుకుని పడుకోలేం.

లక్షల డిస్క్‌లు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ లెక్కలో 2023లో చెడిపోయినవి 1.40 శాతం. తక్కువే. అయితే వాళ్ల దగ్గర ఒక డిస్క్ పోతే మిగతావాటి నుంచి సమాచారం తిరిగి అల్లుకుంటారు. బీరువాలో చీరల మధ్య దాచిన మన డిస్క్‌కు ఆ తోడు లేదు. కాకినాడలోనో విశాఖలోనో అయితే సముద్రపు తేమ కూడా దాన్ని వదిలిపెట్టదు.

మీ ఇంటి ఫొటోలు ఒక్క డిస్క్‌లోనే ఉంటే ఈ వారమే ఇంకొకటి కొనండి. రెండు కొనేవాళ్లు ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే మోడల్ తీసుకోకండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గరలోనే పోవచ్చు. ఆరు నెలలకోసారి బయటికి తీసి, మొత్తం చదివించి, సీ5, సీ7 అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక డిస్క్ మీ దగ్గర ఉంచుకుని, రెండోది అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెట్టండి.