మిగిలిపోయిన ఇంజిన్లకు పుట్టిన కార్లు

బీఎండబ్ల్యూ ఎం5 గొప్పదా, మెర్సిడెస్ ఏఎంజీ ఈ63 గొప్పదా, అంత డబ్బు పోసే బదులు క్యాడిలాక్ కొనుక్కుంటే పోలా అన్న తగవు కార్ల పిచ్చోళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. నాలుగు తలుపులు, వెనక సీట్లో అమ్మానాన్నా, డిక్కీలో సూట్‌కేసులు, బానెట్ కింద మాత్రం రేసు కారు బలం. వీటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు వీటి పుట్టుక తెలియాలి. మొదటి పాతికేళ్లలో ఈ జాతిని ఏ కంపెనీ పనిగట్టుకుని కనలేదు. ఒకచోట సరిగా అమ్ముడుపోని కారు ఇంజిన్, ఇంకోచోట రేసుల్లో ఆడాల్సినంత ఆడని ఇంజిన్, మరోచోట పనిలేక ఖాళీగా పడున్న షెడ్డు. వీటి కథంతా అక్కడే ఉంది.

వేగంగా పోయే సెడాన్లు అంతకుముందు లేకపోలేదు. 1959లో వచ్చిన జాగ్వార్ మార్క్ 2ను బ్రిటన్‌లో పోలీసులూ వాడారు, దొంగలూ వాడారు. 1963లో ఇటలీ నుంచి మాసెరాటి క్వాట్రోపోర్టె వచ్చింది. కానీ పైకి పెద్దమనిషిలా కనబడుతూ లోపల పహిల్వాన్‌లా ఉండే వరసకు మూలపురుషుడు మెర్సిడెస్ 300 ఎస్ఈఎల్ 6.3.

దాని కథ 600 అనే ఇంకో కారు దగ్గర మొదలవుతుంది. 1963లో వచ్చిన 600 దేశాధినేతల కారు. దానికోసమే 6.3 లీటర్ల వీ8 ఇంజిన్ చేశారు. అంత ఖర్చుపెట్టి చేసిన కారు 1981 దాకా, అంటే 18 ఏళ్లలో, 2,677 మాత్రమే తయారైంది. ఆ ఇంజిన్‌ను ఎరిక్ వాక్సెన్‌బర్గర్ అనే ఇంజినీరు డ్యూటీ అయ్యాక పట్టుబట్టి మామూలు మెర్సిడెస్‌లో, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉండాల్సిన చోట, ఇరికించాడు. ప్రయోగ విభాగం పెద్ద రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్‌కు ఆ సంగతి కారు నడిపి చూశాకే తెలిసిందని చెప్పుకుంటారు. ఊలెన్‌హౌట్ అంటే 1950ల్లో మెర్సిడెస్ రేసు కార్లను తీర్చిదిద్దినవాడు. ఆయన తిట్టలేదు. తయారీకి పెట్టించాడు.

1968 జెనీవా మోటార్ షోలో అది జనం ముందుకొచ్చింది. 250 హార్స్‌పవర్, 6.5 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగం, గరిష్ఠంగా గంటకు 220. గాలి సస్పెన్షన్, చెక్క డ్యాష్‌బోర్డు, మెత్తటి సీట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. బయట తేడా చెప్పేది డిక్కీ మూత మీద కుడివైపు చిన్న అంకె, 6.3, అంతే. 1972 దాకా 6,526 అమ్ముడయ్యాయి. కన్నతల్లి 600 కంటే రెండింతలు మించి, అదీ ఐదేళ్లు తిరక్కుండానే.

ఈ కారే ఇంకో పేరును కూడా పైకి తెచ్చింది. మెర్సిడెస్‌లో పనిచేసి బయటికొచ్చిన హాన్స్ వెర్నర్ ఔఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్కర్ 1967లో ఏఎంజీ పెట్టారు. వాళ్లు 300 ఎస్ఈఎల్ ఇంజిన్‌ను 6.8 లీటర్లకు పెంచి 1971లో స్పా 24 గంటల రేసులో దింపితే, ఆ ఎర్రటి భారీ బండి మొత్తం మీద రెండో స్థానంలో నిలిచింది. తర్వాత దాన్ని మాత్రా అనే ఫ్రెంచి కంపెనీ కొనుక్కుని విమానాల చక్రాల పరీక్షలకు వాడుకుంది. ఆ బరువుకు, ఆ బలానికి తగిన ఉద్యోగమే దొరికింది.

మ్యూనిక్‌లో కథ వేరు. బీఎండబ్ల్యూ రేసుల కోసం 1978లో ఎం1 అనే కారు తెచ్చింది. దాన్ని తయారు చేసిపెడతామన్న లంబోర్గినీ దగ్గర డబ్బులు అయిపోయాయి. పని చేతులు మారి ఆలస్యమైంది, ఈలోగా రేసుల నిబంధనలు కూడా మారాయి. చివరికి 450 పైచిలుకు కార్లతో ఎం1 కథ ముగిసింది. దాని 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ మాత్రం అద్భుతం. 24 వాల్వులు, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్. దాన్ని కాస్త సవరించి 5 సిరీస్‌లో పెట్టి 1985 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డాంలో చూపించారు. అదే మొదటి ఎం5. 286 హార్స్‌పవర్, 245 కిలోమీటర్ల వేగం. చేతులతో ఒక్కొక్కటే బిగించినవి, మొత్తం 2,241.

ఇక స్టుట్‌గార్ట్. 1986లో 50 వేల కార్లు దాటి అమ్మిన పోర్షె, 1993 నాటికి 15 వేల లోపుకు పడిపోయింది. 959 అనే సూపర్‌కారు పని 1988లో అయిపోవడంతో జుఫెన్‌హౌసెన్‌లో దాన్ని బిగించిన రోస్లె బౌ అనే భవనం ఖాళీ అయ్యింది. అదే సమయంలో మెర్సిడెస్‌కు ఎం5కు జవాబు కావాలి. 500 ఎస్ఎల్ స్పోర్ట్స్ కారులోని 5 లీటర్ల వీ8ను తమ డబ్ల్యూ124 సెడాన్‌లో పెట్టాలనుకున్నారు. ఆ పని పోర్షెకు అప్పజెప్పారు.

అక్కడొచ్చింది చిక్కు. వెడల్పు టైర్ల కోసం మడ్‌గార్డులు ఉబ్బించేసరికి ఆ బాడీ మెర్సిడెస్ సిండెల్‌ఫింగెన్ ప్లాంటు లైన్‌లో పట్టలేదు. దాంతో ఈ కారు ఫ్యాక్టరీల మధ్య తిరుగుళ్లు మొదలెట్టింది. బాడీ భాగాలు సిండెల్‌ఫింగెన్ నుంచి జుఫెన్‌హౌసెన్‌కు వెళ్లేవి. అక్కడ పోర్షె మనుషులు వాటిని అతికేవాళ్లు. రంగు వేయడానికి మళ్లీ మెర్సిడెస్ దగ్గరికి. ఇంజిన్, సీట్లు, సస్పెన్షన్ బిగించడానికి మళ్లీ పోర్షె రోస్లె బౌకు. ఆఖరి తనిఖీకి, డెలివరీకి మళ్లీ సిండెల్‌ఫింగెన్‌కు. ఒక్కో కారుకు 18 రోజులు. లెక్కలు చూసే అకౌంటెంటు ఎవరైనా ఉంటే నెత్తీనోరూ బాదుకునే పద్ధతి ఇది. అయినా 500 ఈ పేరుతో 1990 పారిస్ షోలో కనబడ్డ ఈ కారు 10,479 బండ్ల దాకా నడిచింది. కష్టాల్లో ఉన్న పోర్షెకు ఆ కాంట్రాక్టు ఊపిరి పోసిందన్నది కాదనలేని మాట.

ఎం5, 500 ఈ నిజంగా ఎదురెదురుగా నిలబడింది ఇక్కడే. రెండో తరం ఎం5లో 3.6 లీటర్ల ఇంజిన్, 315 హార్స్‌పవర్, 5 గేర్ల మాన్యువల్. 500 ఈలో 326 హార్స్‌పవర్, 4 గేర్ల ఆటోమేటిక్. కాగితం మీద ఇంచుమించు సమానం. 0 నుంచి 100కు రెండూ 6 సెకన్లు దాటగానే చేరతాయి. రోడ్డు మీద మాత్రం ఒకదానికొకటి పొంతనే లేదు. ఎం5 బలమంతా 6,900 ఆర్‌పీఎం దగ్గర దాక్కుని ఉంటుంది. గేరు తగ్గించి, తొక్కిపట్టి, ఇంజిన్‌ను అరిపిస్తేనే అది చేతికి వస్తుంది. 500 ఈలో పికప్ కింద నుంచే ఉంటుంది. ఎం5 టార్క్ 360 న్యూటన్ మీటర్లు, దీనిది 480. డ్రైవరు పెద్దగా ఏమీ చేయనక్కర్లేదు. నడపడం ఇష్టమున్నవాడికి ఎం5, ఊరు చేరడం ఇష్టమున్నవాడికి 500 ఈ. అయితే 500 ఈ వెనక సీట్లో ఇద్దరికే చోటు. పెద్ద డిఫరెన్షియల్ కోసం మధ్య సీటును వదులుకున్నారు. ధర చూస్తే జర్మనీలో 1,34,000 మార్కులు దాటింది. ఎం5 అంతకంటే తక్కువకే వచ్చేది.

నాణ్యత మాట అనుకున్నంత తేలిగ్గా తేలదు. డబ్ల్యూ124 అంటే బండలా నిలబడే కారని ప్రపంచమంతా పేరు. 1995లో పుణేలో తయారైన మొదటి బెంజి కూడా ఈ ఒంటితోనే వచ్చిన ఈ220. తలుపు వేస్తే వచ్చే ఆ శబ్దం విన్నవాళ్లెవరూ మరిచిపోరు. కానీ 90ల మొదట్లో మెర్సిడెస్ వాడిన వైరింగ్ తొడుగు మాత్రం ఇంజిన్ వేడికి పెళుసెక్కి వేళ్లతో ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. 500 ఈ బానెట్ కింద జాగా తక్కువ, వేడి ఎక్కువ. కాబట్టి ఇవాళ ఆ కారు కొనేవాడు ముందు చూడాల్సింది పెయింటు కాదు, వైరింగ్ మార్చారా లేదా అన్నది. ఎం5కు ఆ బెడద లేదు గానీ రేసు ఇంజిన్ బుద్ధి పోలేదు. గడువు ప్రకారం ట్యాపెట్లు సెట్ చేయించాలి. దానికి షిమ్ములు మార్చడం చేతనైన మెకానిక్కు కావాలి. ఈ రెంటిలో నన్నడిగితే 500 ఈ. వైరింగ్ ఒక్కసారి మార్పిస్తే ఆ గొడవ తీరుతుంది, ఎం5 పోషణ ఎప్పటికీ తీరదు.

ఈ రెండూ మర్యాదగా 250 దగ్గర ఆగిపోయేవి. జర్మన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న హద్దు అది. బ్రిటన్‌లో లోటస్‌కు ఆ మొహమాటం లేదు. జనరల్ మోటార్స్ వాళ్ల మామూలు సెడాన్‌కు రెండు టర్బోలు తగిలించి 377 హార్స్‌పవర్ లోటస్ కార్ల్‌టన్ చేసింది. వేగం 283. పత్రికలు దాన్ని నిషేధించాలని గోల పెట్టాయి. 1993లో వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక కార్ల్‌టన్‌ను దొంగలు ఎత్తుకుపోయి షాపులు దోచుకోవడం మొదలెడితే పోలీసు బండ్లు దాని దుమ్ము కూడా అందుకోలేకపోయాయి. అంతకు మించిన ప్రకటన డబ్బిచ్చినా దొరకదు, అయినా 950 దాటి అమ్ముడుపోలేదు.

1998లో మూడో తరం ఎం5తో ఈ జాతి తీరు మారింది. ఈ39 అని పిలుచుకునే ఆ కారుకు మిగులు సరుకు వాడలేదు. దానికంటూ 4.9 లీటర్ల వీ8, 400 హార్స్‌పవర్, 6 గేర్ల మాన్యువల్. చేతి పని వదిలి డింగోల్ఫింగ్‌లో మిగతా 5 సిరీస్ కార్లతోపాటే లైను మీద తయారైంది. 20,482 కార్లు అమ్ముడయ్యాయి. చేతితో చేసిన పాత ఎం5ల కంటే ఫ్యాక్టరీ లైను మీద వచ్చిన ఇదే మేలైనది కావడం చేతిపని మీద మోజున్న నాలాంటివాళ్లకు మింగుడుపడని నిజం. అదే కాలం నాటి ఏఎంజీ ఈ55కు 354 హార్స్‌పవర్, ఆటోమేటిక్ గేరుతో హాయిగా పోయేది గానీ ఆ తరం మెర్సిడెస్ ఈ-క్లాస్‌కు తుప్పు పెద్ద శత్రువు. 2002 ఆడి ఆర్ఎస్6కు 450 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్. వానలో దాన్ని పట్టేవాడు లేడు, దాని గేర్‌బాక్సే ఆ టార్క్‌కు తట్టుకోలేక చేతులెత్తేసేది.

ఆ తర్వాత అంకెల పిచ్చి ముదిరింది. 2003లో ఈ55కు సూపర్‌ఛార్జర్ తగిలించి 476. 2005లో ఎం5కు 10 సిలిండర్లు, 507. ఆ వీ10 గొంతు వినడానికి గొప్పది, దాని రాడ్ బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేసిందంటే మాత్రం బిల్లు చూసి గుండె పట్టుకోవాల్సిందే.

విలువ సంగతి అమెరికా వాళ్లు తేల్చారు. 2009 మోడల్ క్యాడిలాక్ సీటీఎస్-వీలో కార్వెట్ జడ్ఆర్1 ఇంజిన్‌ను కాస్త తగ్గించి పెట్టారు. 556 హార్స్‌పవర్. జర్మన్ల సొంత గడ్డ న్యూర్‌బర్గ్‌రింగ్‌లో 7 నిమిషాల 59.32 సెకన్లలో చుట్టు పూర్తి చేసింది. ధర మొదట్లో 60 వేల డాలర్లలోపు, ఎం5 80 వేల పైమాట. లోపలి ప్లాస్టిక్ చూస్తే ఆ తేడా ఎక్కడ మిగిల్చారో తెలిసేది. అయినా దాని వారసుడు, సీటీ5-వి బ్లాక్‌వింగ్, 668 హార్స్‌పవర్‌తో ఇప్పటికీ 6 గేర్ల మాన్యువల్‌తో వస్తోంది. ఈ తరగతి కార్లలో జర్మన్లు ఆ మాన్యువల్‌ను ఎప్పుడో వదిలేశారు.

1985 ఎం5 బరువు 1,430 కిలోల చుట్టుపక్కల. 2024లో వచ్చిన ఏడో తరం ఎం5 బరువు 2,435 కిలోలు. వీ8కు తోడు మోటారు, బ్యాటరీ కలిసి 727 హార్స్‌పవర్ ఇస్తాయి. 100 చేరడానికి 3.5 సెకన్లు, అంటే తనకు ముందున్న ఎం5 కాంపిటిషన్ కంటే ఒక పిసరు ఎక్కువే. పెట్రోలు కాల్చకుండా ఆఫీసుకు వెళ్లిరావచ్చన్నది దాని కొత్త సుగుణం. మన దగ్గర ఇది జర్మనీ నుంచి పూర్తిగా తయారై దిగుతుంది. విడుదలైనప్పుడు షోరూం ధర 1.99 కోట్లు. హైదరాబాద్ ఔటర్ మీద అనుమతించే వేగం 120, దాన్ని ఈ కారు 4, 5 సెకన్లలోనే దాటేస్తుంది.

మూడేళ్లు దాటిన కారును దిగుమతి చేసుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చిన ఈ39ను జర్మనీలో చవగ్గా కొని విశాఖ రేవులో దించుకునే దారి లేదు. ఉన్నవాళ్లకు ఉన్నది ఆ 1.99 కోట్ల బండే, లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ అదనం.